అడగవలసినవాళ్ళు

సోమవారం పొద్దున ఆఫీసులో కంప్యూటర్ తెరవగానే ఒక సందేశం కనిపించింది. పంపింది మనిషి కాదు, మా ప్రాజెక్టు పనులు చూసుకొనే చిన్న ప్రోగ్రాము. ఫలానా మెయింటైనర్ ఏడాదిగా ఏ పనీ చేయలేదు. మూడు రోజుల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆయన పేరు జాబితాలోంచి తీసేస్తాను. ఆయన పేరు మీద తెరిచి ఉన్న పనులన్నీ మూసేస్తాను. ఇదీ సారాంశం. కింద ఆయన పేరు.

ఆయన పోయి పది నెలలైంది. ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదు. దాన్ని రాసింది నేనే. మూడు రోజుల నియమం పెట్టిందీ నేనే.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేర్ల పట్టికలో తన పేరు ఎప్పుడూ అన్నిటికంటే కింద రాసుకొనేవాడు. కొత్తవాళ్ళెవరైనా చేరితే తన పేరు ఇంకో వరుస కిందికి జరుపుకొనేవాడు.

సంగతి తెలియనివాళ్ళ కోసం ముందు కొంచెం చెప్పాలి. నేను హోసూరులో ఒక కంపెనీలో యంత్రాలను నడిపే ప్రోగ్రాములు రాస్తాను. మాది బాగలూరు దగ్గర పూలతోటల కుటుంబం. మా చిన్నాన్న గులాబీలకు నీళ్ళు వదలడానికి కొన్నేళ్ళ కిందట ఒక పెట్టె తయారు చేశాను. మట్టిలో తడి చూసి వాల్వు తెరుస్తుంది, చాలనిపిస్తే మూస్తుంది. దాని ప్రోగ్రాము నెట్‌లో అందరికీ తెరిచి పెట్టాను. ఓపెన్ సోర్స్ అంటే అదే. ఎవరైనా చూడవచ్చు, తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, బాగుచేసి తిరిగి పంపవచ్చు. కానీ పంపినదాన్ని అసలు ప్రోగ్రాములో కలిపే హక్కు అందరికీ ఉండదు. ఇల్లు అందరిదీ, తాళంచెవులు మాత్రం కొందరి దగ్గర. వాళ్ళనే మెయింటైనర్లు అంటాం. మా దగ్గర అలాంటివాళ్ళు నలుగురు. నేను, కృష్ణగిరి పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఒక మేడమ్, బాగలూరులో గులాబీలు పెంచే మునిరాజు, ఆయన. మునిరాజుకు కోడ్ రాయడం రాదు. పెట్టెలు తోటల్లో ఎలా నడుస్తున్నాయో చెప్పే మనిషి ఒకరు ఉండాలని ఆయనే పట్టుబట్టి మునిరాజును తీసుకొచ్చాడు. మొదలుపెట్టినవాణ్ని కాబట్టి, నలుగురికీ కుదరనప్పుడు చివరి మాట నాది.

మొదటిసారి ఆయన్ని చూసింది హోసూరు బస్టాండు దగ్గర టీ హోటలు మేడమీద గదిలో. ఇలాంటి ప్రోగ్రాములు రాసేవాళ్ళం కొందరం ఆదివారాలు అక్కడ కలిసేవాళ్ళం. ఖాకీ చొక్కా, జేబులో టెస్టర్, చేతిలో గుడ్డసంచి. ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫిట్టరు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. మేమంతా బూట్లతోనే కూర్చుని ఉన్నాం. ఆయన పాదాలు చూసి ఒకరిద్దరు కాళ్ళు బల్లకిందికి లాక్కున్నారు.

"ఈ నీళ్ళ పెట్టె ప్రోగ్రాము రాసింది ఎవురు సార్?"

"నేనే."

"కరెంటు పోయి వచ్చినాక దానికేమీ గుర్తుండేల్దు. ఇచ్చిన నీళ్ళే మల్లా ఇస్తుంది. మా బామ్మర్ది టమాటాలు వేరు కుళ్ళిపోయినాయి."

"బాగుచేసి పంపించన్నా, చూస్తాం" అన్నాను. మా ప్రపంచంలో అది మామూలు మాట. మనిషిని మర్యాదగా సాగనంపే మాట కూడా.

"యాడికి పంపేది సార్? నేనే ఈడికి వచ్చినాను గదా."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. సంచిలోంచి గీతల నోటుబుక్కు తీసి నా ముందు పెట్టాడు. నా ప్రోగ్రామంతా చేత్తో ఎత్తి రాసుకొని ఉన్నాడు. ముప్పై నాలుగు పేజీలు. తప్పున్న వరుస పక్కన ఎర్ర సిరాతో చిన్న గీత, దాని కింద తన సవరణ. నాలుగు వరుసలు. అంతకంటే తక్కువలో ఆ తప్పును నేను సరిచేయగలిగేవాణ్ని కాదు.

ఆయన కోడ్‌ను వేలితో చదివేవాడు. తెరమీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఒక్కొక్క వరుసే కిందికి దిగేవాడు. ఎంత సబ్బు పెట్టి కడిగినా ఆ వేలికి గ్రీజు పోయేది కాదు. ఆయన వెళ్ళాక నా ల్యాప్‌టాప్ తెరమీద వేలిముద్రలు మిగిలేవి. అనుమానం ఉన్నచోట వేలు కాసేపు ఆగుతుంది కాబట్టి అక్కడ ముద్ర మందంగా ఉండేది. మేడమ్ నవ్వుతూ అనేది: "తుడవకండి సార్, తప్పులు ఎక్కడున్నాయో అన్న గుర్తులు పెట్టి పోయాడు."

నెల రోజులు నన్ను సార్ అన్నాడు. తర్వాత ఎప్పుడో తెలియకుండానే అప్పా అయ్యాను. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని.

ఆయన జేబులో ఎప్పుడూ నాలుగైదు ఇనుప నట్లు ఉండేవి. మీటింగు మొదలవగానే మనిషికొకటి లెక్కన బల్లమీద వరుసగా పెట్టేవాడు. ఎవరైనా తమ మాట చెప్పగానే వాళ్ళ నట్టును అవతలివైపుకు జరిపేవాడు. గొంతు పెద్దదైన వాళ్ళు ఎన్నిసార్లు మాట్లాడినా జరిగేది ఒక్క నట్టే. చివరికి మేం తేల్చేశామనుకొని లేవబోతుంటే ఇవతల మిగిలిన నట్టును వేలితో తట్టేవాడు.

"తీర్మానం సరేనప్పా. ఎవురు మాట్లాడలేదో అది చెప్పండి ముందు."

అది ఆయన ఊరి అలవాటు. ఆయనది అంచెట్టి దాటి అడవి అంచున ఒక పల్లె. పశువుల మీద బతికిన ఇళ్ళు. మంద ఏ రోజు అడవి మేతకు కదలాలో అందరూ కలిసి తేల్చుకుంటారు. ఇంటికొక రాయి పెడతారట. రాని ఇంటి రాయి పక్కన ఉంటుంది. ఎవరో ఒకరు ఆ ఇంటికి నడిచిపోయి మాట తెచ్చేదాకా మంద కదలదు.

"ఒక్క ఇంటికోసం అందరూ ఆగాలా?" అని అడిగాను.

"ఆ ఇంట్లో ఈననీకి ఉండే ఆవు ఉంటే?" అన్నాడు. "వాళ్ళు రాలేదంటే ఏదో ఉండాది అని గదప్పా. ఏమీ లేకుండా సుమ్మనే ఎవురూ రాకుండా ఉండరు."

మూడు రోజుల నియమం నేను తెచ్చాను. నేను కనిపెట్టింది కాదు. పెద్ద ప్రాజెక్టుల్లో చాలాచోట్ల ఉన్న పద్ధతే. లోకంలో తలో మూల ఉండే మనుషులు ఒక గదిలో కూర్చోలేరు కాబట్టి ప్రతిపాదన రాసి పెడతారు. గడువులోగా ఎవరూ కాదనకపోతే ఒప్పుకున్నట్టే. ఆదివారాలు అందరికీ కుదరడం మానేశాక మాకూ అదే బాగుందనిపించింది.

ఆయన కాదనలేదు. ఒక్క ప్రశ్న మాత్రం అడిగాడు. "చూసి మాట్లాడకుండా ఉండేవాడు, చూడనే చూడనివాడు, ఇద్దరూ ఒకటేనా అప్పా?"

"కంప్యూటర్లో ఆ తేడా తెలియదన్నా."

"కంప్యూటర్లో తెలీదు. ఫోన్ చేస్తే తెలుస్తుంది."

అప్పటినుంచి ప్రతి ప్రతిపాదనకూ రెండోరోజు ఫోన్ చేసేవాడు. "చదివినావా? చదవలేదా? అయితే నువ్వు ఒప్పుకోలేదు. చదివి చెప్పు." ఒకసారి మేడమ్ విసుగ్గా, "క్లాసులో ఉన్నానన్నా, సరే అని రాసుకోండి" అందట. "క్లాసులో ఉండావని రాసుకొంటానమ్మా. సరే అని ఎట్ల రాసుకొనేది?" అని పెట్టేశాడు. ఆమె సాయంత్రం చదివి, అందులో ఒక తప్పు పట్టుకొంది. ఆ ప్రతిపాదన నాదే.

మా ప్రాజెక్టులో అందరికంటే ఎక్కువమందికి పనికొచ్చిన ఆలోచన ఆయనది. అంచెట్టి వైపు నెట్ ఉండదు. పొలాల దగ్గర మాట కూడా తెగిపోతుంది, రింగు మాత్రం పోతుంది. ఆయన పెట్టెలో ఒక సిమ్ పెట్టాడు. రైతు దానికి మిస్డ్ కాల్ ఇస్తే అది తిరిగి పిలుస్తుంది. ఒక రింగు మోగి ఆగితే నీళ్ళు పారినట్టు. రెండు మోగితే పారలేదు, పోయి చూసుకోవాలి. చదువు అక్కర్లేదు, స్మార్ట్ ఫోన్ అక్కర్లేదు. కొండల్లో ఇంటిదగ్గరి నుంచి చేనికి మైలు నడవాల్సిన ఆడవాళ్ళకు ఆ నడక తప్పింది.

దాన్ని తీసేసింది నేను.

బెంగళూరు కంపెనీ ఒకటి మా ప్రోగ్రామును తమ యంత్రాల్లో వాడుకుంటామంది. ఆ ఫోన్ ముక్క లేకపోతే తమకు సులువని ఒకరు మాటవరసకు అన్నారు. యంత్రం తెర వెలగగానే నా పేరు కనిపిస్తుందని కూడా అన్నారు. ఆ రెండో మాట నాలో ఎంత పని చేసిందో అప్పుడు ఒప్పుకోలేదు. సరైన కారణాలు వెతుక్కున్నాను. అవి దొరికాయి కూడా. మాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఆ ముక్కవల్లే. సిమ్ మారినప్పుడల్లా ఏదో ఒకటి తప్పేది. నా వాదనలో అబద్ధం లేదు. అందుకే దాని వెనక దాక్కోవడం అంత తేలికైంది.

ఆ గురువారం టీ హోటలు దగ్గర కలిసినప్పుడు ఆయనే చెప్పాడు. "రేపటి నుంచి నాలుగు దినాలు మా ఊర్లో ఉంటానప్పా. వాన పడింది, రాగులు చల్లల్ల. ఆడ నెట్ దొరికేల్దు. సాయంత్రం గుట్ట ఎక్కితే ఫోనులో మాట దొరుకుతుంది. ఏమన్నా ఉంటే ఒక మాట పిలువు. లేదంటే నేను వచ్చేదాకా ఆపి పెట్టు."

"సరే అన్నా" అన్నాను.

శుక్రవారం పొద్దున ప్రతిపాదన పెట్టాను. మేడమ్ పరీక్షల హడావుడిలో ఉంది, "మీ ఇష్టం" అని రాసింది. మునిరాజు తోటలో నెట్ ఉంది కాబట్టి అతనికి నష్టం లేదు, సరే అన్నాడు. మూడోరోజు సాయంత్రం ఆ మార్పు కలిపేశాను. కింద రాశాను: "అభ్యంతరాలు రాలేదు. ఆమోదం."

మంగళవారం ఆయన బస్సు దిగి నేరుగా మేడమీదికే వచ్చాడు. పాదాలకు ఎర్రమట్టి ఇంకా ఉంది. నా తెరముందు కూర్చుని ప్రతిపాదన మొదటి నుంచి చివరిదాకా వేలితో చదివాడు. తర్వాత జేబులోంచి నాలుగు నట్లు తీసి బల్లమీద పెట్టాడు. మూడు అవతలికి జరిపాడు. మిగిలిన ఒకదాన్ని కాసేపు చూసి, దాన్నొక్కదాన్నే తీసి జేబులో వేసుకున్నాడు.

"నేను ఊర్లో లేనని నీకి తెలుసు గదప్పా."

"మూడు రోజులు అందరికీ ఒకటే కదన్నా. రూలు ప్రకారమే చేశాం."

"రూలు నాకి తెలుసు సార్."

అంతే. ఆ తర్వాత నన్ను అప్పా అనలేదు.

నాకు భయం వేసింది. మా లోకంలో నచ్చనివాళ్ళు మొత్తం ప్రోగ్రామును ఎత్తుకొని వేరు కుంపటి పెట్టుకోవచ్చు. అందులో తప్పు లేదు. ఆ భయంతోనే, పెద్ద మనసు ఉన్నవాడిలా అన్నాను: "కావాలంటే పాతదాన్ని తీసుకొని వేరే ప్రాజెక్టు పెట్టుకో అన్నా. ఎవరూ ఆపరు."

"వేరు పోతానని యాడ చెప్పినాను సార్? అడగలేదు అని చెప్తా ఉండాను."

చేతిరుమాలు తీసి తెరమీది తన వేలిముద్రలు తుడిచి లేచాడు. అంతకుముందు ఎన్నడూ తుడవలేదు.

ఆదివారాలు ఆయన రావడం తగ్గింది. నేను పిలవడం మానేశాను. కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం మా కంపెనీ గేటు నుంచి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "ఎవురో ఫిట్టరు సార్. నోటుబుక్కు పెట్టుకొని ఉండాడు. రెండు నిమిషాలు చాలంట."

"మీటింగులో ఉన్నానని చెప్పు."

మీటింగు లేదు. మొదటి అంతస్తు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. గేటు పక్క నీడలో అరగంట ఉన్నాడు. సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకొని బస్‌స్టాపు వైపు నడిచాడు. ఇంకో నెలకు మళ్ళీ వచ్చాడు.

"అదే మనిషి సార్, అదే నోటుబుక్కు. ఇంతమాత్రానికి కిందికి దిగకూడదా సార్?" వాచ్‌మన్‌కు కూడా జాలి కలిగింది.

"లేనని చెప్పు" అన్నాను.

తిడతాడని కాదు. తిట్టడని తెలుసు. ఆయన ముందు కూర్చుంటే నేను చేసిందేమిటో నాకే స్పష్టంగా కనబడుతుంది, అందుకు.

మేడమ్ కూడా ఒకసారి చెప్పింది, అన్న నాతో ఏదో మాట్లాడాలంటున్నాడని. మాట్లాడతానన్నాను. ఆ తర్వాత ఆమె చేసిన ఫోను ఆయన పోయాడని. జ్వరమని ధర్మపురి ఆసుపత్రికి తీసుకెళ్తే నాలుగోరోజు పోయాడట. ఆమెకే ఇరవై రోజులు ఆలస్యంగా తెలిసింది. ఆ ఆలస్యం నాకు సాకుగా పనికొచ్చింది. ఇప్పుడు పోయి ఏం లాభం అనుకున్నాను. పోలేదు.

ఇక సోమవారం వచ్చిన సందేశం. ఆయన పేరు మీద తెరిచి ఉన్న పనులు మూసేస్తానంది. ఏం పనులో చూశాను. ఏడు ఉన్నాయి. చిత్తుప్రతులని గుర్తు పెట్టి పంపినవి. జాబితాలో నెలల తరబడి కింద పడి ఉంటే, సగంలో వదిలేసిన పనులనుకొని ఒక్కటీ తెరవలేదు.

మొదటిది తెరిచాను. సగంలో వదిలింది కాదు. పూర్తయిన పని. మిస్డ్ కాల్ ముక్కను అసలు ప్రోగ్రాములోంచి విడదీసి పక్కన పెట్టాడు. కావలసినవాళ్ళు తగిలించుకోవచ్చు, వద్దనుకున్నవాళ్ళకు దాని బరువు ఉండదు. సిమ్ మారినప్పుడు వచ్చే తప్పులు కూడా సరిచేశాడు. నేను దాన్ని తీసేయడానికి చూపిన కారణాలన్నిటికీ జవాబు అక్కడ ఉంది. ఆ నాలుగు రోజులు ఆగి ఉంటే ఈ మాటే చెప్పి ఉండేవాడు.

ప్రతిదాని చివరా రెండు వరుసలు ఉన్నాయి. "అడిగినవాళ్ళు" అని ఒకటి. మేడమ్ సరే, మునిరాజు సరే, అంచెట్టి వైపు పదకొండు ఇళ్ళ పేర్లు, పక్కన వాళ్ళన్న మాటలు. రెండో వరుస "అడగవలసినవాళ్ళు". దానిలో ఒక్క పేరే ఉంది, ఏడింటిలోనూ. నాది. ఏడో దాంట్లో నా పేరు పక్కన ఇలా రాసి ఉంది: "రెండుతూర్లు పోయినాను. దొరకలేదు. ఇంగొకతూరి పోవల్ల."

ఒక సంగతి అప్పుడు తట్టింది. తాళంచెవి ఆయన దగ్గరా ఉంది. మూడు రోజుల్లో నేను మాట్లాడలేదు. నా నియమం ప్రకారమే నా మౌనం ఒప్పుకోలు. నాలుగోరోజు ఆయన ఆ ఏడింటినీ కలిపేయవచ్చు. నేను చేసింది అదే. ఆయన మాత్రం వాటిని చిత్తుగానే ఉంచి, సంచి తీసుకొని నా గేటు దగ్గరికి వచ్చాడు.

అభ్యంతరం అని ఒక్క మాట కొడితే పేరు తీసేయడం ఆగిపోతుంది. కానీ ఆ మాట ఆఫీసు కుర్చీలో కూర్చుని కొట్టబుద్ధి కాలేదు. మంగళవారం సెలవు పెట్టి డెంకణికోట మీదుగా అంచెట్టి బస్సెక్కాను. దిగాక ఇంకో బస్సు లేదు. సరుకుల ఆటోలో కొంత, నడిచి కొంత పోయాను.

ఆయన భార్య వాకిట్లో రాగులు చెరుగుతూ ఉంది. నేనెవరో చెప్పాను. చేట ఆపలేదు.

"నువ్వేనా అప్పా ఆ పెట్టె రాసినాయప్ప? కూచో. ఇంత దూరం యాడొస్తివి?"

"అన్నను..." అని ఆగిపోయాను. చూడడానికి అనబోయాను.

"ఆయప్ప పోయి శానా దినాలాయె" అంది, నాకు తెలియదేమో అన్నట్టు, మెత్తగా. లేచి మజ్జిగ తెచ్చింది.

అన్న పెట్టిన పెట్టె మైలు దూరాన చేనిదగ్గర ఉందట. పాత ప్రోగ్రామే ఇంకా నడుస్తోంది. అడగకుండానే ఆమె వెదురుబుట్టలోంచి బటన్ ఫోను తీసి, ఒక మీట నొక్కి పెట్టెకు మిస్డ్ కాల్ ఇచ్చింది. కాసేపటికి ఫోను రెండుసార్లు మోగి ఆగింది.

"పారలేదు. సాయంత్రం పోయి చూడల్ల" అంది. "మా పెట్టె ఒకటే ఇంగా బాగుండేది. గంగమ్మక్కది పోయింది. చిన్నప్పయ్యోళ్ళది పోయింది. కొత్త పెట్టె తెస్తే దాంట్లో ఈ రింగు రాదంట గదా. వాళ్ళు మల్లా నడస్తా ఉండారు."

నేను తీసేసింది ఎవరి కాళ్ళమీద పడిందో అప్పుడు విన్నాను. ఆ పేర్లు ఆయన వరుసలో ఉన్నవే.

"అమ్మా, దాన్ని తీసేసింది నేనే" అన్నాను. "అన్న రాగులు చల్లడానికి వచ్చినప్పుడు, ఆయన లేని నాలుగు రోజుల్లో."

చేట కింద పెట్టింది. నన్ను కాదు, ఎదురుగా ఉన్న గుట్టను చూసింది.

"ఓ, అప్పుడా. సాయంత్రమైతే చాలు గుట్టెక్కి కూచొనె. ఏముండాదయ్యా ఆడ అంటే, హోసూరు నించి ఫోనొస్తుంది అనె. మూడు దినాలు ఎక్కినాడు. నాలుగో దినం దిగొచ్చి, ఏమీ లేదంట, పిలవలేదు అని అన్నం తినె." చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఒక మాట పిలిచుంటే అయిపోతా ఉండె గదప్పా."

"పిలవలేదమ్మా."

క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. వాకిట్లో దూడ ఒకటి తల విదిలిస్తే గలగలమని చప్పుడైంది. మెడలో తాడుకు ఇనుప నట్లు గుచ్చి ఉన్నాయి. నేను చూడటం ఆమె చూసింది.

"జేబులో ఉండె. పారేసేదెందుకని దూడకి కట్టినాను. అడవిలో యాడుందో తెలుస్తుంది."

వచ్చేటప్పుడు అడిగాను: "అన్న రాసిపెట్టిన పని ఉందమ్మా. దాన్ని కలిపితే కొత్త పెట్టెల్లో మళ్ళీ రింగు వస్తుంది. కలపమంటావా?"

"ఆయప్ప ఏమంటాడో నీకి తెలీదా?"

"తెలుసు. నిన్ను అడుగుతున్నాను."

ఆమె నా మొహంలోకి మొదటిసారి సూటిగా చూసింది. "గంగమ్మక్కని గూడా అడిగిపో" అంది. "దావలోనే ఇల్లు."

అడిగాను. మిగిలిన ఇళ్ళవాళ్ళు చేలల్లో ఉంటే చేలకు పోయి అడిగాను. అంచెట్టిలో చివరి బస్సు తప్పిపోయేంతలో పరుగెత్తి పట్టుకున్నాను.

బుధవారం అభ్యంతరం రాశాను. ఆయన పేరు జాబితాలో అట్లాగే ఉంది. ఏడాదికొకసారి ఆ ప్రోగ్రాము మళ్ళీ అడుగుతుంది. దాన్ని ఆపడం నాకు తెలుసు. ఆపలేదు. అడగనీ.

తర్వాత పాత తీర్మానం దగ్గరికి పోయాను. మా పద్ధతిలో ఒకసారి రాసిన తీర్మానాన్ని చెరపకూడదు, కింద మాత్రం రాయవచ్చు. "అభ్యంతరాలు రాలేదు. ఆమోదం" అన్న వరుస కింద ఇలా రాశాను: "ఒకరిని అడగలేదు. ఆయన ఊళ్ళో లేరని నాకు తెలుసు. ఫోను ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పి వెళ్ళారు. నేను పిలవలేదు." బెంగళూరువాళ్ళూ చదువుతారు. చదవాలనే రాశాను.

ఆ ఏడు పనుల్లోనూ నా పేరును కింది వరుసలోంచి పై వరుసలోకి మార్చి, సరే అని రాసి, ఒక్కొక్కటే కలిపాను. చివరి మాట నాదన్న నియమం కూడా తీసేస్తూ కొత్త పద్ధతి ఒకటి ప్రతిపాదించాను. మూడు రోజులు గడిచాయి. మేడమ్ సరే అంది. కాదని ఎవరూ అనలేదు. పాత నియమం ప్రకారం అది నెగ్గినట్టే. మునిరాజు నుంచి మాత్రం జవాబు లేదు. ఫోను ఎత్తలేదు.

ఆదివారం బండి తీసుకొని బాగలూరు పోయాను. మునిరాజు పాలీహౌసులో గులాబీలు కోస్తున్నాడు. కత్తెర ఆపకుండానే పలకరించాడు.

"దీనికోసరమా అప్పా ఈడిదాకా వచ్చింది? ముహూర్తాలు గదా, పూలు కోసేదానికే పొద్దు చాల్లేదు, ఫోను యాడ పడేసినానో. సరే అని రాసుకో పో."

"చదివావా?"

"ఎప్పుడు చదివేది? నువ్వు రాసింటే సరిగానే ఉంటుంది."

"చదవలేదంటే ఒప్పుకోలేదని" అన్నాను. మునిరాజు కత్తెర గుత్తి మధ్యలో నిలిచింది. ఆ మాట ఎవరిదో అతనికీ తెలుసు.

కత్తెర జేబులో పెట్టుకొని, చేతులు పంచెకు తుడుచుకొని, పూలబుట్ట బోర్లించి దానిమీద కూర్చున్నాడు. "చదువు. వింటాను."

నిలబడే చదివాను. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు. జవాబు రాని మనిషిని ఎవరో ఒకరు వెతికిపోయి అడగాలి. ఊళ్ళో లేని మనిషి వచ్చేదాకా ఆగాలి.

మునిరాజు నేలవైపు చూస్తూ విన్నాడు. అయిపోయాక కూడా తల ఎత్తలేదు.

"ఆ కడాది, ఊర్లో లేని మనిషిది, ఇంగొకతూరి చదువప్పా."

చదివాను.